పిడికెడు బియ్యంతో కట్టిన గది

కల్వకుర్తి
10 ఫిబ్రవరి 2024

తమ్ముడు బాలస్వామికి,

అక్క ఈదమ్మ దీవెనలు. నీ బీపీ ఎట్లా ఉంది, మరదలు కోమల మోకాలి నొప్పి తగ్గిందా, ఈ రెండూ ముందు రాయి. కొట్లాట తర్వాత.

నోటీసు అందింది. మన చర్చిలన్నిటి మీద ఉన్న నల్గొండ సంఘాల కమిటీ ముద్ర, ప్రెసిడెంటు జానీ గారి సంతకం, దాని పక్కన సెక్రటరీ అని నీ సంతకం. చిన్నప్పుడు నీ చేయి పట్టుకొని పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. ఆ చేత్తోనే నాకు నోటీసు రాశావు. రాత బాగుంది.

నేను సరిగ్గా చదివానో లేదో చూడు. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే శివస్వాములను మన చర్చి ఆవరణలోని బాటసారుల గదిలోకి రానివ్వకూడదు. ఆడవాళ్లు ఆదివారం తెచ్చే పిడికెడు బియ్యం వాళ్లకు వండకూడదు. ఆ బియ్యమంతా వేలం వేసి ప్రహరీ గోడ ఖర్చుకు ఇవ్వాలి. వినకపోతే గది తాళంచెవి ఈదమ్మ అప్పగించాలి. అంతే కదా? చెవులు పోయాయి గాని నా కళ్లు బాగానే ఉన్నాయి.

ఆ గది ఎట్లా లేచిందో నీకు తెలియదు, నువ్వు అప్పుడు నల్గొండలో ఆర్టీసీ డిపో ఆఫీసులో కుర్చీ వెతుక్కుంటున్నావు. నేను ఇక్కడ ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని. దవాఖానకు వచ్చిన బాలింతలకు తల దాచుకునే జాగా లేక బస్టాండులో పసిపిల్లలను కప్పుకొని కూర్చునేవాళ్లు. మన కులపు పేరు చెబితే కిరాయికి కూడా గది ఇచ్చేవాళ్లు కాదు. అప్పుడు మన సంఘపు ఆడవాళ్లం పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్క కుండలో పోశాం. ఇంట్లో తక్కువైన రోజున కూడా పోశాం. ఆ బియ్యంతో లేచిన గోడలవి. నీ కమిటీ ఒక్క ఇటుక మోయలేదు.

కాబట్టి నా జవాబు రాసుకో. తాళంచెవి ఇవ్వను. శివస్వాములు ఈ ఏడు కూడా వస్తారు, నేను ఈ ఏడు కూడా వండుతాను.

వాట్సాప్‌లో రాయమని కోమల అంటుంది. దాంట్లో నా కోపం సరిగ్గా పట్టదు. ఉత్తరమే రాయి.

ఎప్పటికీ నీకన్నా పెద్దదైన
ఈదమ్మ


నల్గొండ, పానగల్ రోడ్డు
14 ఫిబ్రవరి 2024

అక్కకు వందనాలు.

బీపీ గోలీ వేసుకొనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కోమల మోకాలు అట్లనే ఉంది, మెట్లెక్కినప్పుడల్లా నీ పేరు తలుచుకుంటుంది, నువ్వు చెప్పిన ఆముదం పట్టు పనిచేయలేదని.

కమిటీ మాట ముందు చెబుతాను. ఈ రోజుతో మన శ్రమల దినాలు మొదలయ్యాయి. ఉపవాస ప్రార్థనల్లో ఉండాల్సిన ఆవరణలో ఇంకొకరి దీక్షకు వంటలేమిటని పెద్దలు అడుగుతున్నారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. అన్నం పెట్టి మతం మారుస్తున్నారని ఎవడో ఒకడు ఫోన్‌లో వీడియో తీసి పెడితే, నీ ఒక్కదాని మీదికే కాదు, సంఘమంతటి మీదికి వస్తుంది. జానీ గారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయపడేవాడు గోడ కట్టుకుంటాడు.

ఇప్పుడు నా మాట. దీన్ని సెక్రటరీ రాయడం లేదు.

నువ్వు ఎవరికి వండుతున్నావో చూసుకున్నావా? ఆ నడిచేవాళ్లలో మన పుట్టినూరి పటేళ్లున్నారు. మన నాయిన వెంకన్న వాళ్లింట్లో జీతం ఉన్నాడు. పండుగనాడు వెట్టికి పిలిస్తే పోయి కట్టెలు కొట్టి, పశువుల కొట్టంలో కూర్చొని మిగిలింది తిన్నాడు. దాహమైతే చేతులు దోసిలి పట్టేవాడు. పైనుంచి, మోచేతి మీదుగా కారేటట్టు, నీళ్లు పోసేవాళ్లు. నేను నాయిన పక్కన నిలబడి చూశాను. నాకిప్పటికీ ఎవరన్నా గ్లాసు ఎత్తి నీళ్లు పోస్తే గొంతులో దిగవు.

అవే ఇళ్లవాళ్లు ఇప్పుడు అలిసిపోయి వస్తే, నువ్వు చెంబు పట్టుకొని ఎదురు పోతున్నావు. పోయినేడు వాళ్లు నీ అన్నం ముట్టలేదని కూడా విన్నాను. అక్కా, నువ్వు దాన్ని ఆతిథ్యం అంటున్నావు. నా కంటికి అది వెట్టి. నాయినతోనే పోవాల్సిన పని.

అందుకే సంతకం పెట్టాను. జానీ గారు పెట్టమన్నందుకు కాదు.

నీ తమ్ముడు
బాలస్వామి


కల్వకుర్తి
18 ఫిబ్రవరి 2024, ఆదివారం

బాలస్వామీ,

చర్చి అయిపోయి వచ్చి అన్నం కూడా తినకుండా రాస్తున్నాను. ఈ రోజు పాస్టరమ్మ నా పక్కన కూర్చోలేదు. మంచిదే, ఆమె నెత్తికి పెట్టుకునే నూనె వాసన నాకు పడదు.

ముందు పోయినేటి సంగతి. నీకు చెప్పినవాడు సగమే చెప్పాడు. ఆ రోజు పెద్ద గంజులో పప్పుచారు చేశాను. ఘుమఘుమలాడేటట్టు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసి పోపు పెట్టాను. స్వాములు వరుసగా కూర్చున్నారు. నేను వడ్డించబోతే ముందున్న పెద్దాయన తల అడ్డంగా ఊపి చేతులు జోడించాడు. ఏదో చెబుతున్నాడు. నాకు వినపడితే కదా! నాకు కనపడింది ఒక్కటే, నా చేతి అన్నం వద్దంటున్నాడని. నీలో ఉన్న మంటే నాలోనూ ఉంది, ఒక్క తల్లి పిల్లలమే కదా. గరిటె పట్టుకొని రోడ్డు దాకా తరిమాను. "మా బియ్యం మీకు మైలనా? మీ శివుడు అడిగితే ఏం చెప్తరు?" అని అరిచాను. ఊరంతా చూసింది.

తర్వాత నాతో కలిసి వండే బిక్షమ్మ వంటింట్లోంచి ఒక ఉల్లిగడ్డ తెచ్చి, నా కళ్ల ముందు పెట్టి, తల అడ్డంగా ఊపింది. శివమాల వేసుకున్నవాళ్లు ఉల్లి, ఎల్లి ముట్టరట. అప్పుడర్థమైంది. అప్పటికి వాళ్లు డిండి దిక్కు ఎంత దూరం పోయారో ఏమో. ఈ ఏడు పప్పులో ఇంగువ వేస్తాను. అంతే మార్పు.

ఇక వెట్టి మాట. తమ్ముడూ, వెట్టి అంటే ఏమిటి? వద్దు అనే హక్కు లేకపోవడం. నాయినకు ఆ హక్కు లేదు. నాకుంది. నన్నెవరూ పిలవలేదు, నేనే వాళ్లను పిలుస్తున్నాను. గది మనది, పొయ్యి మనది, బియ్యం మన ఆడవాళ్ల చేతులది. ఇంటివాళ్లం మనం, వచ్చేది వాళ్లు. నాయిన ఏనాడూ ఒకరిని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి పెట్టలేకపోయాడు. అందుకే నేను పెడతాను. ఇది సేవే గాని, తల వంచిన సేవ కాదు.

ఇంకొకటి. ఈ గది నాదీ కాదు, నీ కమిటీదీ కాదు. ప్రభువుది. నేను ఆయన ఇంటి గృహనిర్వాహకురాలిని. ఎవరు రావాలో యజమాని చెప్పాలి గాని, నౌకరు చెప్పకూడదు. మీరు నౌకర్లై ఉండి గేటు దగ్గర కులం, దీక్ష అడుగుతామంటున్నారు. ఆయన వచ్చినప్పుడు గోడ ఎత్తు చూపిస్తారా?

వీడియో తీస్తే తీయనివ్వు. నా పక్క నుంచి తీయమను, కుడివైపు ముఖం బాగా పడుతుంది.

గోలీ మానకు.
అక్క


నల్గొండ
24 ఫిబ్రవరి 2024

అక్కా,

ఈ ఉత్తరం ఎట్లా రాయాలో తెలియడం లేదు.

వెట్టి గురించి నువ్వు రాసింది కోమలకు చదివి వినిపించాను. మర్నాడు పొద్దున చూస్తే వంటింట్లో పొయ్యి పక్కన కొత్త కుండ, దాంట్లో పిడికెడు బియ్యం. ఎందుకని అడిగితే, "మీ కమిటీకి మాత్రం కాదు" అంది. సరే, ఈ నెల మీటింగులో నీ వైపు మాట్లాడదామనే నిన్న పోయాను.

నోరు తెరవకముందే జానీ గారు ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. గురువారం ఆయన కల్వకుర్తి వచ్చారట. చర్చి లోపల, ప్రసంగ వేదిక ముందరి బెంచీల మీద, శివస్వాముల ముడుపు మూటలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఫొటోలో స్పష్టంగా ఉంది. ఆవరణంతా కర్పూరం వాసన వచ్చిందని, చర్చిలో హారతి ఇచ్చారని ఆయన అన్నారు. ఇద్దరు పెద్దలు లేచి నిలబడ్డారు. నేను తల ఎత్తలేకపోయాను.

నువ్వు అన్నం పెడతానంటే నీతో కొట్లాడాను గాని, అది నా సొంత కోపం. ఇది వేరు. వాళ్ల దేవుడికి వాళ్ల గుడి ఉంది. మన వేదిక ముందు పూజ జరుగుతుంటే నువ్వు చూస్తూ ఉన్నావా? అమ్మ ఎన్ని మాటలు పడి ఆ బాప్తిస్మం తీసుకుందో మరిచావా?

మార్చి 3, ఆదివారం, ఆరాధన అయ్యేసరికి వస్తాను. కొత్త తాళం తెస్తున్నాను. జానీ గారు వస్తామన్నారు, నేనే వద్దన్నాను. నీ దగ్గర తాళంచెవి అడగాల్సి వస్తే అడిగేది నేనే కావాలి.

బాలస్వామి


కల్వకుర్తి
28 ఫిబ్రవరి 2024

సెక్రటరీ గారికి,

కర్పూరం నేను కాల్చలేదు గాని, కరిగించాను. కొబ్బరినూనెలో. ఉత్త కాళ్లతో తారు రోడ్డు మీద నడిచి వచ్చినవాళ్ల అరికాళ్లు నువ్వు చూడలేదు. బొబ్బలు పగిలి, ఇసుక దూరి, నెత్తురు. కర్పూరం వేసిన నూనె రాస్తే మంట లాగుతుంది, హాస్టల్లో పిల్లలకు రాసేదాన్ని. నీ జానీ గారి ముక్కు గేటు దగ్గరే ఆగిపోయింది. కాళ్ల దాకా వచ్చి ఉంటే తెలిసేది.

మూటల సంగతి కూడా విను. వాళ్ల ముడుపు మూట నేల మీద పెట్టకూడదట. గదిలో నేల తప్ప ఏముంది? నెత్తి మీద మూటతోనే నిలబడి తినబోతే నేను ఒప్పుకోలేదు. గురువారం కదా, బెంచీలు ఖాళీ. నేనే తీసుకెళ్లి పెట్టాను, స్వాములు లోపలికి రాలేదు కూడా. హారతి లేదు, పూజ లేదు. బియ్యం, కొబ్బరికాయ ఉన్న మూటలకు మన బెంచీలు కాసేపు కూర్చునే జాగా ఇచ్చాయి. ప్రభువుకు కోపమొస్తే నన్నడుగుతాడు, నేను చెప్పుకుంటాను. నన్ను ఒక్క మాట అడగకుండా ఫొటో చూసి తల దించుకున్నావు చూడు, నా కోపమంతా అక్కడ.

అమ్మను మరిచానా అన్నావు. అది మాత్రం రాయకుండా ఉండాల్సింది.

సరే, రా. ఆదివారమే రా. ఇంకొక మాట కూడా చెబుతాను, తర్వాత చెప్పలేదనకు. మన పుట్టినూరి గుంపు బయలుదేరిందట, ఆదివారానికి ఇక్కడికి చేరుతుంది. పటేలు కొడుకు అమరేందర్ కూడా మాల వేశాడని బిక్షమ్మ కొడుకు రాసి చూపించాడు. వాడు మన గడప తొక్కుతాడో లేదో నాకు తెలియదు. నీకు ధైర్యముంటే తాళం తీసుకొని రా, వాడి ముందే వేయి.

అన్నం తినే పోవాలి. తాళమేసేవాడికైనా పెడతాను.

ఈదమ్మ


కల్వకుర్తి
4 మార్చి 2024

తమ్ముడూ,

బస్సెక్కేటప్పుడు చేయి ఊపావు. అదేనా నువ్వు నాకిచ్చే జవాబు? నిన్నటి నుంచి నా తల పగిలిపోతోంది. నేను చూసింది రాస్తాను, నేను విననిది నువ్వు రాయి.

నిన్న పొద్దుటి నుంచే ఏదో తేడాగా ఉంది. గుంపులు వస్తున్నాయి, గేటు దాకా వచ్చి ఆగిపోతున్నాయి. నేను రమ్మని చేయి ఊపితే చేతులు జోడించి పోతున్నారు. ఇంగువ వేసిన పప్పు గంజు నిండా అట్లనే ఉంది. అమరేందర్ వచ్చాడు. ఎంత ముసలివాడయ్యాడు! వాడూ లోపలికి రాలేదు, గది గడప బయట, ఎండలో, మట్టిలో కూర్చున్నాడు. నేను గ్లాసు ఇస్తే తీసుకోలేదు. నాకు మండిపోయింది. పటేలు కొడుకు పటేలు కొడుకే, కాళ్లు పగిలినా పొగరు పోలేదనుకున్నాను.

అప్పుడే నువ్వు వచ్చావు, చేతిలో తాళం. వాడు నీ వైపు దోసిలి పట్టాడు. నువ్వు నా దగ్గరి చెంబు లాక్కున్నావు. చెంబు పైకి ఎత్తావు. నేను కళ్లు మూసుకున్నాను, చూడలేక.

తెరిచేసరికి చెంబు అట్లనే ఉంది, నీళ్లు పడలేదు. నువ్వేదో అంటున్నావు, ముఖం ఎర్రగా అయింది. వాడేదో అన్నాడు. నువ్వు ఆగిపోయావు. ఆ తర్వాత వాడు ఏడ్చాడా, నువ్వు ఏడ్చావా? ఇద్దరి ముఖాలూ నాకు సరిగ్గా కనపడలేదు. నువ్వు పోయి బిక్షమ్మ కొడుకుతో పానాలు తెప్పించి, గది తలుపు బందులు ఊడదీశావు. తలుపును గది లోపల ఇటుకల మీద అడ్డంగా పరిచావు. విస్తళ్లు వేశావు. వాణ్ని ఒకవైపు కూర్చోబెట్టి, నువ్వు ఎదురుగా కూర్చున్నావు. నన్ను, బిక్షమ్మను కూడా కూర్చోమన్నావు. వాడు తిన్నాడు, బాలస్వామీ. పప్పు మళ్లీ వేయించుకున్నాడు.

వాడితో ఏమన్నావు? తిట్టావా? భయపెట్టి కూర్చోబెట్టావా? అట్లా తినిపిస్తే ఆ అన్నం నాకొద్దు. నిజం రాయి.

తలుపు లేదు కాబట్టి కుక్కలు రాకుండా మంచం అడ్డం వేశాను. ఈ రోజు అన్ని గుంపులూ లోపలికే వచ్చాయి.

అక్క


నల్గొండ
11 మార్చి 2024

అక్కకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే మీటింగు. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

చెంబు ఎత్తిన మాట నిజం. వాడు నన్ను గుర్తుపట్టలేదు. తల వంచి, "అయ్యా, జర నీళ్లు పొయ్యుండ్రి" అని దోసిలి పట్టాడు. పటేలు కొడుకు కింద, వెంకన్న కొడుకు పైన. అక్కా, ఆ ఒక్క క్షణం కోసమే ఇన్నేళ్లు బతికానా అనిపించింది. చేయి దానంతటదే లేచింది. కానీ పోయలేకపోయాను. పోస్తే ఆ ఇంటివాణ్ని నేనే అవుతాను. అది నాకొద్దు.

అప్పుడన్నాను, నువ్వు చూసిన ఎర్ర ముఖంతోనే. "నేను వెంకన్న కొడుకును, బాలస్వామిని. మీ కొట్టంల మా నాయినకు పోసినట్టు నేను నీకు పొయ్య. తాగితె లోపటికొచ్చి, కూసొని, గ్లాసుతోని తాగు. లేకపోతె లేచి పో. మా ఇంట్ల దోసిలి పట్టుడు లేదు."

దానికి వాడు ఏమన్నాడో తెలుసా? "బాలస్వామీ, లోపటికి నేను రాననలే. మాకు రానిచ్చుడు లేదని మీ పెద్దమనుషులు చెప్పమన్నరని మీ పిలగాండ్లే రోడ్డు మీద నిలవడి చెప్తున్నరు. గ్లాసులు గూడ ముట్టొద్దన్నరు. అమ్మకు చెవులు వినవడయి, ఆమెకు ఎట్ల చెప్పాల్నో తెల్వక గీడ కూసున్న."

జానీ గారు నాకు తెలియకుండా మన పిల్లలను రోడ్డు మీద పెట్టారట, ఆ రోజే బస్సుకు పోతూ వాళ్లను ఇళ్లకు పంపేశాను. నీకు వినపడలేదు. నువ్వు వాడిది పొగరు అనుకున్నావు, నేనూ అదే అనుకున్నాను. అక్కా, మన నాయిన బయట కూర్చున్నట్టే వాడూ బయట కూర్చున్నాడు, కాని ఈసారి కూర్చోబెట్టింది మనం. నా సంతకంతో. నా జేబులో తాళం కూడా ఉంది.

ఏడ్చింది నేను. వాడు కూడా కొంచెం. "మీ నాయినను నేను సూసిన. చిన్నపిలగాన్ని, ఏం అనలే" అన్నాడు. మాఫ్ చేశానని అనలేదు, అనాలనిపించలేదు. లోపలికి రమ్మన్నాను, వచ్చాడు. ఆ రోజుకు అది చాలనిపించింది. నువ్వు అడిగావు కదా, భయపెట్టలేదు.

ఇక మీటింగు. తలుపు ఊడిన గది ఫొటో బల్ల మీద పెట్టి జానీ గారు అడిగారు, "తలుపు ఎవరు తీసిండ్రు?" అని. "నేనే" అన్నాను. గది తాళంచెవి ఏదన్నారు. నేను తీసుకుపోయిన కొత్త తాళం, దాని చెవి రెండూ బల్ల మీద పెట్టి, "ఇవి మీవే, ఉంచుకోండ్రి. వెయ్యనీకె అక్కడ తలుపు లేదు" అన్నాను. ఇద్దరు పెద్దలు సంఘ నియమాలు చదివారు. రాజీనామా ఇవ్వమన్నారు. "ఇయ్య. తీసెయ్యాల్నంటె మీరే తీసెయ్యండ్రి, నేను తలుపు తీసినట్టు" అన్నాను. ఇంకా తీసేయలేదు. వచ్చే మీటింగులో తీసేస్తారట, అందరికీ తెలుసు.

జానీ గారు చివరికి నెమ్మదిగా అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు పాపం. "శివరాత్రి అయిపాయె, వాళ్లు పోయిండ్రు. ఇగ తలుపు బిగించనీకె నీకు ఏం కష్టం, బాలస్వామీ?"

"మా నాయిన ఇంకా బయటనే కూసున్నడు సార్" అన్నాను.

నీ తమ్ముడు
బాలస్వామి